తొమ్మిదేళ్ల పిల్లాడు అన్నేళ్లు ఎలా బతికాడు? కాంబోడియా గురించి ఒక పిల్లల డాక్టరు జవాబు

అమ్మా, మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. మీది విజయవాడ, పటమట. మీ అబ్బాయి ఎనిమిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకి కాంబోడియా తీసుకున్నాడు. అక్కడి నియంత పోల్ పాట్ కాలంలో తొమ్మిదేళ్ల వయసులో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, చివరికి థాయ్‌లాండ్ చేరిన ఒకాయన వీడియో చూశాడు. అప్పటినుంచి మిమ్మల్ని వదలడం లేదు. తిండి లేకుండా అన్నేళ్లు ఎలా బతికాడు? అంతమంది తుపాకులవాళ్లను దాటుకుని ఎలా వచ్చాడు? పిల్లలే పెద్దవాళ్ల మీద చాడీలు చెప్పేవాళ్లట, నిజమేనా? ఇందులో కల్పితం ఎంత, వాడికి ఇవన్నీ చూపించొచ్చా అని మీ టెన్షన్.

నేను చరిత్ర మాస్టారిని కాదు. గుంటూరు కొత్తపేటలో పిల్లల డాక్టరుగా చాలాకాలం ప్రాక్టీసు చేశాను. రిటైరయ్యాక కాంబోడియాలో, సీమ్ రీప్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశాను. అక్కడి సీనియర్ నర్సులు, వార్డు ఆయాలు, మనవల్ని చంకనేసుకొచ్చే అమ్మమ్మలు చాలామంది ఆ రోజుల్లో పిల్లలే. అందుకని నా జవాబు ఎక్కువగా తిండి గురించి, ఒంటి గురించి ఉంటుంది. ఆ ప్రభుత్వం పిల్లల్ని ఏం చేసిందో తెలియాలంటే తుపాకుల కన్నా ముందు గంజి కుండ వైపు చూడాలని నా అభిప్రాయం.

అసలు సంగతి నిజమే, అందులో అనుమానం అక్కర్లేదు. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నడిపిన కమ్యూనిస్టు పార్టీ, అంటే ఖ్మేర్ రూజ్, సైన్యం రాజధాని నామ్‌పెన్‌లోకి వచ్చింది. అమెరికా బాంబులు వేస్తుంది, మూడు రోజులు ఊరు ఖాళీ చేయండి చాలు అని చెప్పి, 20 లక్షలకు పైగా జనాన్ని కొద్ది రోజుల్లోనే రోడ్ల మీదికి తోలింది. ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్లనూ వదల్లేదు. ఆ మూడు రోజులు మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులయ్యాయి. ఈ లెక్కను అక్కడివాళ్లు ఇప్పటికీ ఇలాగే, రోజులతో సహా చెబుతారు. డబ్బు రద్దు, బజార్లు రద్దు, బడులు రద్దు, బౌద్ధ భిక్షువులకు చీవరాలు రద్దు. సుమారు 78 లక్షల జనాభా ఉన్న దేశంలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. అందరినీ చంపారని మనం అనుకుంటాం గానీ, ఆకలితో, రోగాలతో, చాకిరీతో పోయినవాళ్లు కూడా లక్షల్లోనే ఉన్నారు. పిల్లల్లో అయితే ఇలా పోయినవాళ్లే ఎక్కువ.

ఇక గంజి కుండ సంగతి. 1976 నుంచి దేశంలో చాలాచోట్ల ఇళ్లలో పొయ్యి వెలిగించడం నేరమైంది. కుండలు, చట్లు, చెంచాలు కూడా ఊరుమ్మడి భోజనశాలకు అప్పజెప్పాలి. పైకి సమానత్వంలా కనిపిస్తుంది. నిజానికి ఏ మనిషికి ఎంత తిండి వెళ్లాలో ఇకమీద తేల్చేది ఒక్క సంస్థే. దాని పేరు 'అంగ్కార్', అంటే 'సంస్థ' అనే; పార్టీ తనను తాను అలా పిలుచుకునేది. అమ్మ తన పళ్లెంలోది బిడ్డకి ఒక ముద్ద పెట్టాలన్నా కుదరదు, ఎందుకంటే బిడ్డ ఆ భోజనశాలలోనే ఉండడు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లల్ని చాలాచోట్ల తల్లిదండ్రుల నుంచి విడదీసి పిల్లల దళాల్లో వేశారు. కాస్త పెద్దవాళ్లను ఊరూరా తిప్పే కూలి దళాల్లోకి పంపారు. చిన్నవాళ్ల పని పేడ ఎత్తడం, ఎరువుకి ఆకు కోయడం, కాలవ గట్లకి మట్టి మోయడం.

మీ అబ్బాయికి లెక్కలంటే ఇష్టమైతే ఇది వేయించండి. అక్కడ బియ్యం కొలత కండెన్స్‌డ్ మిల్కు డబ్బా. అందులో సుమారు 250 గ్రాములు పడతాయి. చెడ్డ నెలల్లో ఒక్క డబ్బా బియ్యంతో పదిమందికి గంజి కాచేవారని బతికినవాళ్లు చెప్పారు. అంటే మనిషికి 25 గ్రాములు. క్యాలరీల్లో 90 కూడా దాటదు. పూటకి అంత చొప్పున రెండు పూటలూ తాగినా 180. ఎనిమిదేళ్ల పిల్లాడికి రోజుకు 1700 దాకా కావాలి. ఇది ఆకలి అనిపించుకోదు, నెమ్మదిగా చంపడం అంటారు. అన్ని నెలలూ, అన్ని ప్రాంతాలూ ఇలాగే లేవు. కోతల రోజుల్లో కాస్త అన్నం దొరికేది. ఆ తేడా వల్లే కొందరైనా మిగిలారు.

వరి పండే దేశంలో ఇదేమిటని మన డెల్టా వాళ్లకి అనుమానం రావాలి. అది చాలా మంచి అనుమానం. పార్టీ వేసిన నాలుగేళ్ల ప్రణాళికలో లక్ష్యం హెక్టారుకి 3 టన్నుల వడ్లు. మన భాషలో ఎకరానికి 75 కిలోల బస్తాలు పదహారు. తెనాలి వైపు రైతుకి చెబితే 'ఇదేం పంట?' అంటాడు. కానీ అక్కడ యుద్ధానికి ముందే సగటు దిగుబడి టన్నుకి కాస్త అటూ ఇటూ ఉండేది, అంటే ఐదారు బస్తాలు. ఎద్దులు పోయాయి, ఎరువుల్లేవు, వ్యవసాయం తెలిసిన పెద్దల మాట చెల్లదు, నీటిపారుదల ఇంజనీర్లు చదువుకున్నవాళ్లన్న నేరానికి పోయారు. అలాంటిచోట పదహారు బస్తాలు ఎలా వస్తాయి? రాలేదని చెప్తే తల పోతుంది. కాబట్టి కింది అధికారి వచ్చాయని రాసేవాడు. రాసిన లెక్క ప్రకారం పై వాటా లారీల్లో వెళ్లిపోయేది, సైన్యానికి కొంత, నిల్వకి కొంత, చైనాకి ఎగుమతి కొంత. మిగిలింది జనానికి. వరికి పేరుపడ్డ బట్టంబాంగ్ జిల్లాల్లోనే పట్నం నుంచి తోలుకొచ్చిన కుటుంబాలు అంత ఘోరంగా మాడిపోవడానికి కారణం ఇదే.

1977 నవంబరులో మన దివిసీమకి ఉప్పెన వచ్చింది. అప్పుడు నేను మెడిసిన్ చదువుతున్నాను. వార్త బయటికి రాగానే దేశం నలుమూలల నుంచి బట్టలు, బియ్యం, డాక్టర్లు కదిలారు. ప్రభుత్వాన్ని పత్రికలు ఉతికి ఆరేశాయి. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ పసిపిల్లలు రాలిపోతుంటే రాయడానికి పత్రిక లేదు, ఉత్తరం వేయడానికి తపాలా లేదు. స్వేచ్ఛగా పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో పెద్ద కరువు రాదని అమర్త్య సేన్ చెప్పేది ఈ అర్థంలోనే. మీ అబ్బాయి ప్రాజెక్టులో 'నియంతృత్వం అంటే ఏమిటి' అన్న పేజీ ఉంటే, పోల్ పాట్ ఫొటోతో పాటు ఈ సంగతి కూడా రాయమనండి. నియంత అనగానే మనవాళ్లు మీసాలు, బూట్లు, అరుపులు ఊహించుకుంటారు. పోల్ పాట్ నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఒకప్పుడు టీచరు కూడా.

మరి ఆ గంజితో ఎలా బతికారు? గంజితో ఎవరూ బతకలేదు. గంజి బయట దొరికిన దానితో బతికారు. మా వార్డు సీనియర్ నర్సు ఒకావిడ, 1975లో ఎనిమిదేళ్ల పిల్ల, బట్టంబాంగ్ వైపు పిల్లల దళంలో ఉండేది. మడికట్ల పక్కన చిన్న పీతలు దొరికితే నడుముకి చుట్టుకున్న గళ్ల తువ్వాలులో దోపుకునేదట, రాత్రి పచ్చివే నమిలేదట. మిడతలు, నత్తలు, ఎలుకలు, చింతచిగురు, కాలవ గట్టున తూటికూర, ఏది దొరికితే అది. మన బందరు కాలవ గట్ల మీద కూడా ఆ తూటికూర పెరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. అక్కడ అలా ఏరుకు తినడం కూడా 'సొంత ఆస్తి' కిందికి వచ్చేది. పట్టుబడితే దెబ్బలు, ఒక్కోసారి ప్రాణం. ఆవిడ బతుకులో ఇంకొకరు ఉన్నారు. భోజనశాలలో వంట చేసే ముసలావిడ, ఆ ఊరి మనిషే, అడుగంటిన మాడు గోకి ఆకులో చుట్టి పిల్ల చేతిలో పెట్టేదట. రోజూ కాదు, వీలైనప్పుడు. ఎందుకు పెట్టిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. బతికి బయటపడ్డ పిల్లల కథలు ఎన్ని విన్నా, ఎక్కడో ఒకచోట ఇలాంటి మనిషి తగులుతూనే ఉంటుంది. అలాంటివాళ్లు తగలని పిల్లలు కథ చెప్పడానికి మిగల్లేదు. అందుకని 'ధైర్యం ఉన్నవాళ్లు బతికారు' అని ప్రాజెక్టులో రాయొద్దనండి. పోయినవాళ్లకి అది అన్యాయం.

పిల్లల ఒళ్లు ఎలా తట్టుకుందో కూడా చెప్తాను, నా సబ్జెక్టు కాబట్టి. తిండి చాలకపోతే ఒళ్లు ముందు ఎదుగుదల ఆపేస్తుంది. పన్నెండేళ్లవాడు ఎనిమిదేళ్లవాడిలా ఉంటాడు. తర్వాత కండ కరుగుతుంది. మాంసకృత్తులు బొత్తిగా లేకపోతే పాదాలు, మొహం నీరు పట్టి ఉబ్బుతాయి. చూసేవాళ్లకి లావెక్కినట్టు ఉంటుంది, నిజానికి అది చావుకి దగ్గర. ఎ విటమిన్ లేక రేచీకటి వస్తుంది. పొద్దుగూకితే దారి కనపడక ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచేవాళ్లమని అక్కడ చాలామంది చెప్పారు. ఇలాంటి కేసులు మన పల్లెల నుంచి నేనూ చూశాను, విటమిన్ చుక్కలకి కొద్ది రోజుల్లో తగ్గిపోయేది. అక్కడ ఆ చుక్కలు లేవు. చూపు రాదని చెబితే నమ్మకుండా నటిస్తున్నావని పరీక్ష పెట్టేవాళ్లు. మలేరియా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆకలి ఒక్కటే కాదు, నోరు కూడా కట్టుకోవాలి. పట్నం నుంచి వచ్చినవాళ్లందరికీ 'ఏప్రిల్ 17 జనం' అని ముద్ర. టీచరు పిల్ల, ఆఫీసరు పిల్ల అని తెలిస్తే కుటుంబం మొత్తానికి ప్రమాదం. ఆ నర్సు వాళ్ల నాన్న లెక్కల టీచరు. సైకిల్ రిక్షా తొక్కేవాడని చెప్పమని అమ్మ నేర్పింది. నెల నెలా పిలిచి నీ కథ చెప్పు అంటారు. ప్రతిసారీ అదే అబద్ధం అదే వరుసలో చెప్పాలి. చదవడం వచ్చని తెలియకూడదు కాబట్టి ఎక్కడైనా కాగితం కనిపిస్తే తలకిందులుగా పట్టుకునేదట. మీవాడు ఏం చదివినా గొడవ లేని ఇంట్లో పుట్టాడు. తొమ్మిదేళ్ల పిల్ల చదువు దాచుకుని బతకడం వాడికి బాంబుల కన్నా ఎక్కువ అర్థమవుతుందని నా అనుభవం.

చాడీల సంగతీ నిజమే. పదేళ్ల పిల్లల్ని రాత్రిళ్లు ఇళ్ల కింద దూరి మాటలు వినమని పంపేవారు. అక్కడి పల్లెటూరి ఇళ్లు గుంజల మీద ఎత్తుగా ఉంటాయి. 'అంగ్కార్‌కి అనాసపండుకి ఉన్నన్ని కళ్లు' అని వాళ్ల నినాదం. ఆ కళ్లలో చాలా కళ్లు పిల్లలవే. మీ అబ్బాయి వాళ్లని దుర్మార్గులు అంటే ఒక్క ప్రశ్న అడగండి: ఆ పిల్లాడికి గరిటెడు గంజి ఎక్కువ ఎవరు పోశారు? అమ్మానాన్న లేరు, బడి లేదు, గుడి లేదు, మంచీ చెడూ చెప్పేదీ తిండి పెట్టేదీ ఒక్కరే. పెద్దయ్యాక వీళ్లలో కొందరు చికిత్సకి వచ్చారు, మాట్లాడటానికి మాత్రం రాలేదు. నేనూ అడగలేదు.

తప్పించుకోవడం గురించి సినిమాల వల్ల మనకి ఒక ఊహ ఉంటుంది. చీకటి, ముళ్లకంచె, పరుగు. 1975 నుంచి 78 మధ్య అలా థాయ్‌లాండ్‌కి పారిపోగలిగినవాళ్లు మొత్తం దేశంలో కొన్ని పదివేల మందే. అందులో ఒంటరి పిల్లలు చాలా అరుదు. అడవి, మందుపాతరలు, గస్తీ, మలేరియా, దారి తెలియదు, చేతిలో బియ్యం లేదు. చాలామంది పిల్లలకు దారి తెరుచుకున్నది వియత్నాం సైన్యం వచ్చాకే. 1978 డిసెంబరు 25న దాడి మొదలైంది, 1979 జనవరి 7కి నామ్‌పెన్ పడిపోయింది. గ్రామాల్లో కాపలావాళ్లు రాత్రికి రాత్రి మాయమయ్యారు, కొన్నిచోట్ల పిల్లల్ని కూడా తమతో అడవుల్లోకి లాక్కెళ్లారు. పిల్లల దళాల్లో మిగిలినవాళ్లు రోడ్ల మీదికొచ్చి అమ్మానాన్నల కోసం ఊరూరా వెతుక్కున్నారు. దొరకనివాళ్లు పడమటికి, థాయ్‌లాండ్ సరిహద్దు వైపు నడిచారు.

ఇక్కడ మీవాడు రెండు పేర్లు రాసుకోవచ్చు, ఇద్దరూ బహిరంగంగా తమ కథ చెప్పినవాళ్లే. నోర్ంగ్ చాన్ ఫాల్ తల్లిదండ్రుల్ని నామ్‌పెన్‌లోని ఎస్-21 జైల్లో పోగొట్టుకున్నాడు. అది ఒకప్పుడు హైస్కూలు, దాంట్లోకి వెళ్లిన వేలమందిలో బతికి బయటపడ్డవాళ్లు చాలా కొద్దిమంది. వియత్నాం సైనికులు వచ్చినప్పుడు అక్కడ దొరికిన కొద్దిమంది పిల్లల్లో అతనూ, అతని తమ్ముడూ ఉన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2009లో, ఆ జైలు అధికారి డుచ్ విచారణలో కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. రెండోవాడు ఆర్న్ చోర్న్ పాండ్. బట్టంబాంగ్ దగ్గర ఒక గుడిని జైలుగా మార్చిన చోట, సంతూర్ లాంటి 'ఖిమ్' వాయించడం త్వరగా నేర్చుకున్నాడు. పార్టీ పాటలకు వాయించేవాళ్లు కావాలి కాబట్టి బతకనిచ్చారు. తర్వాత చేతికి తుపాకి ఇచ్చి యుద్ధంలోకి తోశారు. అక్కడినుంచి అడవిలో పడి థాయ్‌లాండ్ శిబిరానికి చేరాడు. అమెరికాలో పెరిగి, తిరిగొచ్చి, చావకుండా మిగిలిన ముసలి సంగీతకారుల్ని వెతికి పిల్లలకు నేర్పించే సంస్థ పెట్టాడు.

సరిహద్దు దాటితే అయిపోయిందా అంటే, లేదు. 1979 జూన్‌లో థాయ్ సైన్యం 40,000 మందికి పైగా శరణార్థుల్ని బస్సులెక్కించి, ప్రేహ్ విహేర్ దగ్గర కొండ అంచు నుంచి తిరిగి కాంబోడియాలోకి దింపేసింది. కింద మందుపాతరలు. పెద్ద ఎత్తున శిబిరాలు వచ్చింది ఆ తర్వాతే: అక్టోబరులో సా కేవ్, నవంబరులో ఖావో ఇ డాంగ్. వాటికి వచ్చిన పిల్లల ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ మొదట వైద్యుడి భయమే కలుగుతుంది. అంత ఎండిపోయిన పిల్లాడికి జాలిపడి కడుపునిండా అన్నం పెడితే ఒంట్లో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. మొదటి రోజుల్లో పల్చటి పాలు, చిటికెడు చక్కెర, కొద్ది కొద్దిగా, గంటగంటకీ. ఏడ్చి అడిగినా ఎక్కువ పెట్టకూడదు. ఆకలితో చచ్చే బిడ్డకి అన్నం వద్దనడం కన్నా కష్టమైన డ్యూటీ నర్సుకి ఇంకోటి ఉండదు.

మా నర్సు సంగతి పూర్తి చేస్తాను. అమ్మ దొరకలేదు. ముక్కూ మొహం తెలియని ఒకావిడ వెంట నడిచి సరిహద్దు చేరింది, పెద్దయ్యేదాకా శిబిరాల్లోనే ఉంది. అక్కడే నర్సింగ్ నేర్చుకుంది. 1992–93లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 3,60,000 మందికి పైగా శరణార్థుల్ని వెనక్కి తీసుకొచ్చినప్పుడు ఆవిడా వచ్చింది. మీ అబ్బాయి 'ఎన్ని రోజుల్లో తప్పించుకున్నారు' అని పట్టిక గీస్తున్నాడని రాశారు కదా. ఆవిడ లెక్క ఆ పట్టికలో పట్టదు. ఆర్న్ లాంటివాళ్లు కొన్నాళ్లకే అమెరికా వెళ్లగలిగారు, ఆవిడ పదమూడేళ్లు కంచె లోపలే ఉంది. పేర్లు వీడియోల్లోకి ఎక్కేవి మొదటిరకం కథలు. రెండోరకం వాళ్లే ఎక్కువమంది.

శిక్షల మాటా అడుగుతాడు. పోల్ పాట్ 1998లో చనిపోయాడు, అంతర్జాతీయ కోర్టు మెట్లెక్కలేదు. డుచ్‌కి 2010లో శిక్ష పడింది, 2012లో దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ ప్రభుత్వంలో పెద్ద నాయకులైన నువాన్ చియా, కియూ సంఫాన్‌లకు 2018లో జనసంహార నేరం కింద శిక్ష పడింది. అంతే.

ఇక చూపించొచ్చా అన్న మీ భయం. పదమూడేళ్లవాడికి ఈ విషయం చెప్పొచ్చు, చెప్పాలి. ఎస్-21 ఖైదీల మొహాల ఫొటోలు చూపించండి, వాటిలో పిల్లలవీ ఉన్నాయి. మీరు పక్కన ఉండి చూపించండి. పుర్రెల గోపురాలు, చిత్రహింసల బొమ్మలు ఇప్పుడొద్దు. ఫోన్‌లో ఒకటి చూస్తే వరసగా పది వస్తాయి కాబట్టి ప్రాజెక్టు అయ్యేదాకా వీడియోలు వాడి ఫోన్‌లో కాకుండా హాల్లో టీవీలో పెట్టండి. రాత్రి భోజనానికి ముందు వద్దు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, తిండి దాచుకోవడం, అన్నం వదిలేయడం లాంటివి రెండు వారాలకు మించి ఉంటే మీ పిల్లల డాక్టరుకి చూపించండి.

పటం కూడా గీస్తానన్నాడట కదా. రాజధాని, బట్టంబాంగ్, సరిహద్దు ఊళ్లు పోయ్‌పెట్, అరణ్యప్రథెత్ పెట్టమనండి. బట్టంబాంగ్‌కి ఉత్తరాన ట్రపాంగ్ త్మా అని ఒక పెద్ద చెరువు ఉంది. 1977లో ఆ కూలి దళాల పిల్లలు, యువకులు చేత్తో మట్టి మోసి కట్టిన కట్ట అది. ఇప్పుడు అక్కడ సారస కొంగల రక్షిత ప్రాంతం ఉంది. అది కూడా గుర్తు పెట్టమనండి, పాఠ్యపుస్తకంలో దొరకదు.